పచ్చి ఆహారం మొదలుపెడుతున్నాం: ఆరు వేలలో వంటింట్లోకి ఏమేం కొనాలి?

మియాపూర్_మాధవి

అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి పొద్దున, రాత్రి వండని ఆహారం తినాలని నేనూ మా ఆయనా అనుకున్నాం. మధ్యాహ్నం మాత్రం మామూలుగానే అన్నం, పప్పు, కూర. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఆవిడకి షుగర్ ఉంది, పళ్ల సెట్టు పెట్టుకుంటారు కాబట్టి గట్టివి నమలలేరు. బాబుకి ఆరేళ్లు.

ఏం కొనాలో తెలుసుకుందామని వీడియోలు చూశాను. కోల్డ్ ప్రెస్ జ్యూసర్ (నెమ్మదిగా నలిపి రసం తీసేది), హై స్పీడ్ బ్లెండర్, డీహైడ్రేటర్ (ముక్కలు ఎండబెట్టే మిషన్), స్పైరలైజర్ (కూరల్ని నూడుల్స్‌లా కోసేది), మొలకల డబ్బా, గాజు సీసాల సెట్టు... అన్నీ కార్టులో వేస్తే నలభై వేలు దాటింది. మా బడ్జెట్ 6,000. బాబు స్కూల్ ఫీజు కట్టాల్సిన సమయం, అంతకుమించి పెట్టలేం.

ఇంట్లో ఉన్నవి: 500 వాట్ల పాత మిక్సీ (మూడు జార్లు), సింగిల్ డోర్ ఫ్రిజ్, పదును పోయిన చాకు, ప్లాస్టిక్ కటింగ్ బోర్డు, ఇడ్లీ పాత్ర, అటక మీద అమ్మ ఇచ్చిన కత్తిపీట.

వీటిలో ఏది ముందు కొనాలి? ఏది అసలు అక్కర్లేదు? మిక్సీ మార్చాలా? వాడినవాళ్లు చెప్పండి.

---

రుబ్బురోలు_అక్క (తెనాలి)

మాధవీ, ముందు ఆ కార్టు ఖాళీ చెయ్యమ్మా. మన ఇళ్లలో వండకుండా తినేవి ఎప్పటినుంచో ఉన్నాయి. శ్రీరామనవమికి వడపప్పు, పానకం. దోసకాయ పచ్చిముక్కల పచ్చడి. మామిడికాయ కొబ్బరి పచ్చడి. నానబెట్టిన పెసరపప్పులో కీరా ముక్కలు, కొబ్బరి కోరు, నిమ్మరసం కలిపితే పొద్దున టిఫిన్ అయిపోయింది. వీటిలో దేనికీ కరెంటు అక్కర్లేదు.

కత్తిపీట అటక మీంచి దింపు. చివర కొబ్బరి కోరే పళ్లు ఉన్నాయా? ఉంటే సగం పని అయినట్టే. పచ్చి ఆహారంలో కొబ్బరి చాలా పడుతుంది. బాదం కిలో కొనే డబ్బుతో కొబ్బరికాయలు చాలా రోజులు వస్తాయి. పదును లేకపోతే సాన పట్టేవాడి చేత పట్టించు, వంద లోపు అవుతుంది.

నా ఓటు ఈ వరుసలో: మంచి చాకు, సానరాయి, తురుముపీట, పీలర్, రెండు పెద్ద బేసిన్లు, మూడు నాలుగు మూత డబ్బాలు. ఇవన్నీ కలిపి రెండు వేల లోపే. మిగతా డబ్బు దాచుకో.

---

రాజమండ్రి_రవి

అక్క చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ కోల్డ్ ప్రెస్ జ్యూసర్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. మా ఇంట్లో ఐదుగురం. మా అమ్మగారికి కీళ్లవాతం, గట్టివి నమలడం కష్టం. క్యారెట్, బీట్‌రూట్, ఉసిరి కలిపి రోజూ రసం తీస్తాం. గుడ్డలో వేసి పిండితే మా ఆవిడకి మణికట్టు నొప్పి వచ్చింది. మిషన్ కొన్నాక ఆ బాధ తప్పింది. నిమిషానికి 40 నుంచి 60 చుట్లే తిరుగుతుంది కాబట్టి నురగ రాదు, పిప్పి కూడా బాగా పొడిగా వస్తుంది.

పైగా మిక్సీ వేగానికి వేడెక్కి ఎంజైములు పోతాయంటారు కదా?

---

ఆహారం_సుజాత (డైటీషియన్, హైదరాబాద్)

రవిగారూ, ఎంజైముల మాట చాలామంది నమ్ముతారు, దాని మీదే మిషన్లూ అమ్ముడవుతాయి. కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను. ఎంజైములంటే ప్రోటీన్లు. కూరగాయలో ఉన్న ఎంజైములు ఆ మొక్క అవసరాల కోసం ఉన్నవి. మనం తిన్నాక కడుపులోని ఆమ్లానికి చాలావరకు విచ్ఛిన్నమైపోతాయి. అన్నం, పప్పు, నూనె అరిగించే ఎంజైములు మన లాలాజలంలో, జీర్ణాశయంలో, క్లోమంలో, చిన్నపేగుల్లో తయారవుతాయి. అందుకని ఎంజైముల కోసం పది పదిహేను వేలు పెట్టాల్సిన పని లేదు. విటమిన్ సి తగ్గేది నిజమే, అయితే అది కోసిన క్షణం నుంచి గాలి తగిలి తగ్గుతూ ఉంటుంది. ఏ మిషన్‌లో తీసినా వెంటనే తాగడమే మార్గం.

అమ్మగారి కీళ్లవాతం, నమలలేకపోవడం మాత్రం నిజమైన కారణాలు. ఆ ఇంటికి ఆ మిషన్ సరైన కొనుగోలే.

మాధవిగారూ, మీ అత్తగారి విషయం వేరు. షుగర్ ఉన్నవాళ్లకి రసం తీసి పీచు పారేస్తే చక్కెర త్వరగా రక్తంలోకి వెళ్తుంది. ఆవిడకి రసం బదులు సన్నగా తురిమి, పెరుగులో కలిపి ఇవ్వండి. పళ్ల సెట్టుకి కూడా అదే సుఖం. ఇన్సులిన్ గానీ, షుగర్ పడేసే రకం మాత్రలు గానీ వాడుతుంటే రెండు పూటలు అన్నం మానేసినప్పుడు షుగర్ పడిపోవచ్చు. డాక్టర్‌తో మాట్లాడి మోతాదు సరిచూసుకున్నాకే ఆవిడ ఆహారం మార్చండి. కిడ్నీ సమస్య కూడా ఉంటే పచ్చి కూరల్లో పొటాషియం ఎక్కువ, అప్పుడు ఈ పద్ధతి ఆవిడకి వద్దు.

మధ్యాహ్నం వండుకుని తింటామన్నారు, అది మంచి నిర్ణయం. క్యారెట్‌లో బీటా కెరోటిన్, టమాటాలో లైకోపీన్ అనే పోషకాలు ఉడికించి కాస్త నూనె తగిలితేనే ఒంటికి బాగా పడతాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల పళ్లెంలో కూరలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు. ధాన్యాలు, పప్పులు, పాలు, గింజలు దానికి తోడు. కాబట్టి పెరుగు మానకండి. మొత్తం శాకాహారమై పాలు కూడా మానేస్తే విటమిన్ బీ12 తిండి నుంచి దాదాపు రాదు.

ఆ 400 గ్రాములు ఎంతో కంటికి తెలియడానికి కిచెన్ స్కేల్ ఒకటి కొనుక్కోండి. 300 నుంచి 500 లోపు దొరుకుతుంది. మీ జాబితాలో లేదు గానీ నేను ముందు చెప్పే వస్తువు అదే.

---

మిక్సీ_అన్న (హన్మకొండ)

నేను మిక్సీలు, గ్రైండర్లు రిపేర్ చేస్తా. మాధవి చెల్లెమ్మా, 500 వాట్ల మిక్సీ మార్చకు. కొబ్బరి పాలకి, పచ్చళ్లకి, మెత్తని పళ్లకి అది చాలు. ఎండు ఖర్జూరం, పచ్చి బీట్‌రూట్ పెద్ద ముక్కలు, ఐసు గడ్డలు వేస్తేనే దానికి కష్టం. ఖర్జూరాన్ని నీళ్లల్లో నానబెట్టు, బీట్‌రూట్‌ని తురిమి వెయ్యి. ఒక నిమిషం తిప్పి, కొంచెం ఆపి, మళ్లీ తిప్పు.

మధ్యలో ఆగిపోయి ఉలుకూ పలుకూ లేకపోతే భయపడి షాపుకి తీసుకుపోకు. ప్లగ్ తీసి, మిక్సీని తిరగేసి చూడు. అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటది. లోడ్ ఎక్కువైతే అది ట్రిప్ అవుతది. పది నిమిషాలు చల్లారనిచ్చి ఆ బటన్ నొక్కితే మళ్లీ నడుస్తది. నా దగ్గరికి వచ్చే మిక్సీల్లో చాలావాటికి ఇంతకు మించి రోగం ఉండదు.

వాట్ల కన్నా ముందు జార్లు చూడాలి. ఇది వండి తినే ఇంటికన్నా వండకుండా తినే ఇంటికి ముఖ్యం. జార్ అడుగున బ్లేడు తిరిగే ఇరుసుని పట్టి ఉంచే చిన్న గొట్టం ఉంటది, దాన్నే బుష్ అంటరు. అది అరిగితే నల్లటి జిడ్డు నీళ్లు పైకి జార్లోకి వస్తయి, కిందికీ కారుతయి. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. జార్లో సగం నీళ్లు పోసి, తెల్ల కాగితం మీద రాత్రంతా పెట్టు. తెల్లారి కాగితం మీద తడి గానీ నల్ల మరక గానీ ఉంటే బుష్ పోయింది. బ్లేడుని వేళ్లతో మెల్లగా పక్కకి ఆడించి చూడు, లూజుగా ఊగినా అంతే. బుష్, బ్లేడు మార్పించుకుంటే కొత్త మిక్సీ ధరలో చిన్న వంతు. కొత్త 750 వాట్లది మూడు నుంచి ఐదు వేలు, నీ బడ్జెట్ మొత్తం దానికే పోతది.

ఇంకోటి, మూతకి ఉండే రబ్బరు గ్యాస్కెట్. వారానికోసారన్నా దాన్ని పీకి గాడిలో చూడు. పాత పచ్చడి, నల్ల బూజు అక్కడే దాక్కుంటయి. ఉడికించే పదార్థమైతే మంట మీద ఆ క్రిములు చస్తయి, పచ్చిగా తాగే స్మూతీకి ఆ మంట లేదు. పాత బ్రష్‌తో రుద్ది, ఎండలో పెట్టి వాడు. గ్యాస్కెట్ సాగిపోతే కొత్తది కొనుక్కో, చాలా చవక.

---

మియాపూర్_మాధవి

అన్నా, ఇప్పుడే గ్యాస్కెట్ తీసి చూశాను. మీరు చెప్పినట్టే గాడి నిండా నల్లగా ఉంది. రోజూ జార్ కడుగుతున్నా అది తీయొచ్చని నాకు తెలియదు. నీళ్ల పరీక్ష ఈ రాత్రికి పెడతాను.

సుజాతగారూ, అత్తయ్యగారిని శనివారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఆ తర్వాతే ఆవిడ సంగతి.

మొలకల డబ్బా మాటేమిటి? 250 రూపాయలది ఒకటి చూశాను, మూడు అరలు ఉన్నాయి.

---

గోదారి_గట్టు

మొలకలకి పంచె ముక్క చాలండి. పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు పూర్తిగా వంచేసి, తడి గుడ్డలో వదులుగా మూట కట్టి చిల్లుల గిన్నెలో పెట్టాలి. బిగించి కడితే గాలి ఆడక లోపల వేడెక్కి వాసన వస్తుంది. రోజుకి రెండుసార్లు, ఎండాకాలంలో మూడుసార్లు కడగాలి. మొలక కనిపించగానే ఫ్రిజ్‌లోకి.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తొచ్చింది, విషయానికి సంబంధించినదే. 1929లో గాంధీగారు ఆంధ్ర పర్యటనలో ఉన్నప్పుడు రాజమండ్రికి చెందిన ఒక ప్రకృతి వైద్యుడి ప్రభావంతో పూర్తి పచ్చి ఆహారం ప్రయోగం మొదలుపెట్టారు. ఆ జూన్‌లో తన యంగ్ ఇండియా పత్రికలో తన రోజువారీ తిండి పట్టీ రాశారు: మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, ముద్దగా నూరిన బాదం 8 తులాలు, దంచిన ఆకుకూర 8 తులాలు, ఆరు నిమ్మకాయలు, రెండు ఔన్సుల తేనె. గోధుమల బదులు శనగలు మొలకెత్తించిన రోజు బాదం ముద్ద స్థానంలో కొబ్బరి పాలు. తులం అంటే దాదాపు 11.66 గ్రాములు కాబట్టి 8 తులాలు సుమారు 93 గ్రాములు. ఈ పట్టీకి కావలసిన సామాను చూడండి: నానబెట్టే గిన్నె, గుడ్డ, రోలు, తూకం. అంతే.

కొద్ది నెలల్లోనే ఆయనకి జిగట విరేచనాలు పట్టుకుని ఆ ప్రయోగం ఆపేయాల్సి వచ్చింది. అది కూడా ఆయనే బయటికి చెప్పారు. పట్టుదల గొప్పదే, ఒంటి మాట వినడం కూడా అంతే అవసరం.

---

ఆహారం_సుజాత

గట్టుగారు మంచి విషయం గుర్తు చేశారు. మొలకల శుభ్రత గురించి నాకు నిజంగా ఆందోళన ఉంది, అందుకే మళ్లీ రాస్తున్నాను.

మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనం క్రిములు పెరగడానికి కూడా సరిగ్గా సరిపోతాయి. విత్తనంలోనే క్రిమి ఉంటే పైన కడిగినంత మాత్రాన పోదు. 2011లో జర్మనీలో మొలకల వల్ల ఈ.కోలి అనే క్రిమి వ్యాపించి యాభై మందికి పైగా చనిపోయారు, మూలం వెతికితే ఈజిప్టు నుంచి దిగుమతైన మెంతి గింజల దగ్గర తేలింది. గర్భిణులు, చిన్నపిల్లలు, వయసు మళ్లినవాళ్లు పచ్చి మొలకలు తినకూడదన్నది అందుకే. మీ ఇంట్లో బాబుకి, అత్తగారికి మొలకలు ఇడ్లీ పాత్రలో బాగా ఉడికేదాకా ఆవిరి పట్టి ఇవ్వండి.

రాజ్మాని మాత్రం ఎవరూ పచ్చిగా మొలకెత్తించి తినకండి. అందులోని లెక్టిన్ అనే పదార్థం వల్ల విపరీతమైన వాంతులు, విరేచనాలు అవుతాయి. బాగా మరిగించి ఉడికిస్తేనే అది పోతుంది. కర్రపెండలం కూడా పచ్చిగా తినేది కాదు.

ఇంకొకటి చాలా ముఖ్యం. సొరకాయ రసం తాగేవాళ్లు మిక్సీలో వేసేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడాలి. చేదు తగిలితే కాయ మొత్తం పారెయ్యండి. తేనె, నిమ్మరసం కలిపి చేదు కప్పిపుచ్చి తాగొద్దు. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థానిది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ కలిసిన రసం తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం కూడా చేదు కాయ రసం తాగవద్దనే చెప్పింది. కీరాకీ ఇదే జాగ్రత్త.

---

స్టీలు_కొట్టు_బాబాయ్ (విజయవాడ వన్ టౌన్)

అమ్మాయ్, సామాన్లు అమ్మేవాణ్ణి కాబట్టి నా వైపు నుంచి నాలుగు మాటలు.

తురుముపీట కొనేటప్పుడు వేలి కొనతో చిల్లుల అంచు మెల్లగా తాకి చూడు. అంచు పైకి లేచి గరుకుగా ఉండాలి. నున్నగా ఒత్తినట్టుంటే అది క్యారెట్‌ని తురమదు, నలిపి నీళ్లు కారుస్తుంది. నాలుగు వైపులా ఉండే డబ్బా రకం కన్నా పొడుగ్గా పలకలా ఉండేది మేలు, కడగడం తేలిక. 150 పెడితే మంచిదొస్తుంది.

డబ్బాలకి వెడల్పు మూతి ఉండాలి, చెయ్యి లోపలికి పట్టాలి. అంచు బయటికి మడిచి ఉంటే ఆ మడతలో తడి నిలిచిపోతుంది, అది చూసుకో. చాలామంది అయస్కాంతం తెచ్చి అంటించి చూస్తారు. మేలైన 304 రకం స్టీలుకి అయస్కాంతం పట్టదన్నది నిజమే, కానీ చవకగా వచ్చే 202 రకానికి కూడా పట్టదు. కాబట్టి ఆ పరీక్ష నమ్ముకుని ఎక్కువ డబ్బు ఇవ్వకు. నిమ్మరసం, చింతపండు నిలవ ఉంచేవాటికి 304 అని ముద్ర ఉన్నది అడిగి తీసుకో, లేదా గాజు సీసా వాడు. జామ్ సీసాలు, తేనె సీసాలు కడిగి దాచుకుంటే గాజు సెట్టు కొనే పని లేదు.

హైదరాబాద్‌లో ఉన్నావు కాబట్టి బేగంబజార్ వెళ్లు. బేసిన్లు, గిన్నెలు కిలో లెక్కన ఇస్తారు, మాల్‌లో ధరకీ అక్కడి ధరకీ చాలా తేడా. చాకు మాత్రం పిడిలోకి రేకు పూర్తిగా దిగినది చూసుకో, పిడి ఊగకూడదు.

---

అనంతపురం_ఎండ

డీహైడ్రేటర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను చెప్తాను.

పచ్చి ఆహారం తినేవాళ్లు 48 డిగ్రీలు దాటకుండా ఎండబెట్టాలంటారు. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటుతుంది. మేడ మీద టమాటా, మామిడి, కాకర ఒరుగులు మా అమ్మమ్మ కాలం నుంచీ అలాగే ఎండుతున్నాయి. ఆత్రేయపురం మామిడి తాండ్ర కూడా అంతే కదా, రసాన్ని పొర మీద పొర పూసి ఎండలోనే ఆరబెట్టడం. వీడియోల్లో ఫ్రూట్ లెదర్ అని చూపించేది అదే.

కావలసింది ఒక మంచం, శుభ్రమైన గుడ్డ, పైన కప్పడానికి దోమతెర. ముక్కలు పలచగా, అన్నీ ఒకే మందంలో కొయ్యాలి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తేవాలి. విరిస్తే పుటుక్కున విరగాలి లేదా తోలులా వంగాలి, నొక్కితే తడి తగలకూడదు. తడి మిగిలితే బూజు పడుతుంది.

350 వాట్ల డీహైడ్రేటర్ పది గంటలు ఆగకుండా నడిస్తే మూడున్నర యూనిట్ల కరెంటు. అరకిలో టమాటాల కోసం అంత ఖర్చు నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది.

---

విశాఖ_శైలజ

అనంతపురంగారూ, మీ ఎండ మాకెక్కడిదండీ! సముద్రం పక్కన గాలిలో ఎప్పుడూ తేమే. వానాకాలంలో ముక్కలు ఎండేలోపే జిగురొస్తాయి. మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, మేడ మీద ఆరబెట్టనివ్వరు. ఇద్దరు ముగ్గురు స్నేహితులం కలిసి ఒక డీహైడ్రేటర్ కొన్నాం, వంతులవారీగా వాడుకుంటాం. కోస్తా వాళ్లకి ఇది పనికొచ్చే మార్గం. కానీ మొదటి నెలలో దాని అవసరం ఎవరికీ రాదు, అందులో అనుమానం లేదు.

స్పైరలైజర్ కొనకండి. పీలర్‌తో కీరాని, క్యారెట్‌ని పొడుగ్గా రిబ్బన్లలా గీస్తే పిల్లలు అంతే ఇష్టంగా తింటారు.

---

డల్లాస్_వంటిల్లు

అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం చిన్న మాట. ఇండియా నుంచి మిక్సీ సూట్‌కేసులో తెచ్చుకోవద్దు. అక్కడి మోటారు 230 వోల్టులది, ఇక్కడ 120. 750 వాట్ల మిక్సీకి కనీసం 1,500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది ఇటుకల మూటంత బరువు. ఇక్కడి ఇండియన్ స్టోర్లలో 110 వోల్టుల మన మిక్సీలే దొరుకుతాయి. పెద్ద బ్లెండర్ కావాలనుకుంటే వైటామిక్స్ వాళ్లే బాగుచేసి వారంటీతో అమ్మే రీకండిషన్డ్ మోడళ్లు కొత్తవాటికన్నా తక్కువకి వస్తాయి.

మాధవిగారికి ఒక్క ప్రశ్న. ఇంట్లో కూరలు ఎవరు కడుగుతారు, ఎప్పుడు కడుగుతారు? అది తేలకపోతే ఏ మిషన్ కొన్నా ఫ్రిజ్‌లో ఆకుకూర కుళ్లిపోతుంది. మా ఇంట్లో ఆదివారం సాయంత్రం గంటసేపు అందరం కూర్చుని కడగడం, ఆరబెట్టడం, డబ్బాల్లో పెట్టడం. వారమంతా అదే మమ్మల్ని నడిపిస్తుంది.

---

రుబ్బురోలు_అక్క

డల్లాస్ అమ్మాయి అసలు సంగతి పట్టుకుంది. రెండు బేసిన్లు ఎందుకన్నానో ఇప్పుడు చెప్తా. ఆకుకూరని మొదటి బేసిన్‌లో నీళ్లలో ముంచి ఆడించాలి. తర్వాత నీళ్లు వంపకూడదు, ఆకునే పైకెత్తి రెండో బేసిన్‌లో వెయ్యాలి. వంపితే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. అడుగున మట్టి కనపడనంత వరకు ఇలా మార్చాలి. చివర్లో పారే నీళ్ల కింద ఒకసారి. తర్వాత పాత నూలు చీర ముక్క మీద పరిచి ఆరనిచ్చి, పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే తోటకూర, కొత్తిమీర తాజాగా నిలుస్తాయి.

క్యాబేజీ పై రెండు మూడు పొరలు తీసేసి, మిగతా ఆకులు విడదీసి కడగాలి. ఉప్పు నీళ్లలో వేస్తే పురుగులు బయటికొస్తాయి, కానీ ఉప్పునీళ్లతో సరిపెట్టకూడదు.

---

ఆహారం_సుజాత

అక్క చెప్పింది అక్షరాలా నిజం. సరిగా కడగని పచ్చి కూరల ద్వారా బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళ్లి మెదడులో తిత్తులు కట్టడం, దానివల్ల ఫిట్స్ రావడం మన దేశంలో ఇప్పటికీ చూస్తున్నాం. మాంసం ముట్టనివాళ్లకి కూడా వస్తుంది. కోడిగుడ్లు, మాంసం వండే ఇల్లయితే పచ్చి కూరలకి విడిగా కటింగ్ బోర్డు పెట్టుకోండి. ఇది 200 రూపాయల ఖర్చు. జ్యూసర్ కన్నా ముందు ఇది కొనాలి.

రోజూ పచ్చి పాలకూర స్మూతీ తాగేవాళ్లు ఆకు మార్చి మార్చి వాడండి. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకి మంచిది కాదు.

---

రాజమండ్రి_రవి

ఇన్ని విన్నాక నేను కూడా మాధవిగారికి ఇప్పుడే జ్యూసర్ వద్దనే చెప్తాను. ఎప్పుడైనా కొనేవాళ్లు మాత్రం రెండు చూసుకోండి. ఒకటి, జల్లెడ, మర విడిగా దొరుకుతాయా, మీ ఊళ్లో సర్వీసు సెంటర్ ఉందా. మా జల్లెడ పగిలితే కంపెనీ నుంచి కొత్తది రావడానికి నెలల తరబడి ఎదురుచూశాం, అన్నాళ్లూ మిషన్ మూలన ఉంది. రెండు, కడగడం. రసం తీసిన వెంటనే జల్లెడ రుద్దకపోతే పీచు చిల్లుల్లో ఎండి సిమెంటులా పట్టేస్తుంది. రసం తీసినంత సేపూ కడగడానికీ పడుతుంది.

పిప్పి పారెయ్యకండి. మేం మధ్యాహ్నం పెసరట్టు పిండిలో కలుపుతాం.

---

మియాపూర్_మాధవి

మిక్సీ అన్నా, నీళ్ల పరీక్షలో చిన్న జార్, మధ్య జార్ బాగానే ఉన్నాయి. పెద్ద జార్ కింద కాగితం మీద నల్లటి గుండ్రని మరక. బుష్ మార్పించడానికి ఇచ్చాను, బ్లేడుతో కలిపి 280 అన్నాడు.

డాక్టర్ అత్తయ్యగారికి రాత్రి భోజనం మార్చవద్దన్నారు. పొద్దున టిఫిన్‌తో పాటు తురిమిన కీరా, క్యారెట్ పెరుగులో కలిపి ఇవ్వమన్నారు.

నిన్న బేగంబజార్ వెళ్లి చాకు, సానరాయి, తురుముపీట, పీలర్, రెండు బేసిన్లు, మూడు డబ్బాలు తెచ్చాం. వచ్చే దారిలో కిచెన్ స్కేల్, ఇంకో బోర్డు. జార్ రిపేరుతో కలిపి 2,900 అయింది. మిగిలింది పక్కన పెడుతున్నాను. కూరలు ఎర్రగడ్డ రైతుబజార్ నుంచి ఆదివారం పొద్దున్నే మా ఆయన తెస్తానన్నారు, కడగడం ఇద్దరం కలిసి.

ఒక సందేహం. కొబ్బరి పాలు పిండడానికి పంచె ముక్క కొత్తదా, పాతదా?

---

గోదారి_గట్టు

ఉతికి ఉతికి మెత్తబడిన పాతదే మంచిదండి. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది. రెండుసార్లు మరిగే నీళ్లలో వేసి, ఎండలో ఆరేసి వాడండి. కొబ్బరికి ఒకటి, మొలకలకి ఒకటి విడివిడిగా పెట్టుకోండి. కొబ్బరి జిడ్డు గుడ్డకి పట్టేస్తుంది, అదే దాంట్లో మొలకలు కడితే ముక్కిన వాసన వస్తుంది.

---

మిక్సీ_అన్న

చెల్లెమ్మా, రిపేరైన జార్ ఇంటికి రాగానే ముందు ఒట్టి నీళ్లు పోసి రెండు మూడుసార్లు తిప్పి పారబొయ్యి. కొత్త బుష్‌కి నూనె రాస్తరు, మొదట్లో కొంచెం వదులుతది. ఆ తర్వాత కాగితం పరీక్ష మళ్లోసారి పెట్టు. మరక పడితే అదే రోజు వెనక్కి ఇచ్చి మార్పించుకో.